గెట్టు తాడు

చావడి ముందు పరిచిన చాప మీద రసూల్ బీకి చోటు లేదన్నాడు మాలీ పటేలు రాంచంద్ర. చోటు లేక కాదు. చాప సగం ఖాళీగానే ఉంది, ఆ ఖాళీలో ఒక నల్లకోడి గింజలు వెతుక్కుంటూ దర్జాగా తిరుగుతోంది. దాన్ని మాత్రం ఎవరూ అదిలించలేదు.

“సారు వచ్చింది పట్టాదారులకు నేర్పనీకి,” అన్నాడు రాంచంద్ర మీసం సవరించుకుంటూ. “పట్టా ఎవరి పేరు మీద ఉంటె వాళ్ళు కూసోవాలె. అజీముద్దీన్‌ను రమ్మను, నేనేమన్న వద్దంటున్ననా?”

“మా ఆయన షహర్‌ల ఉన్నడు గద పటేలా. చెలక చేస్తున్నది నేను.”

“చేసుడు వేరు, పట్టా వేరు.”

రసూల్ బీ కొంగు తల మీదికి లాక్కుని చావడి గోడ వారగా నిలబడిపోయింది. చెలకలో రాళ్ళు ఏరినప్పుడు, కలుపు తీసినప్పుడు, తొలకరికి తెగిన హద్దు గెట్టుకు మళ్ళీ మళ్ళీ మన్ను మోసినప్పుడు పట్టా చూపించమని ఎవరూ అడిగిన పాపాన పోలేదు. నేర్చుకుందామని వస్తే మాత్రం అడిగారు. ఏం న్యాయమో ఇది! జరాయత్ మహకమా నుంచి, అంటే సేద్యం సంగతి చూసే సర్కారీ దఫ్తరు నుంచి, సామ్యేలు అనే సారు వచ్చాడు. వాన నీళ్ళకు చెలక మన్ను కొట్టుకుపోకుండా కట్ట ఎలా వేయాలో చూపిస్తాడట. ఉండేది ఒక్క పూటే, మర్నాడు మహేశ్వరం పోతాడు. ఈ పూట దాటితే ఆమెకు చెప్పేవాళ్ళెవరు?

అప్పుడు టక్కుటక్కుమని కర్ర చప్పుడైంది. వచ్చింది ఇంద్రమ్మ. రసూల్ బీ చెలకకు సరిగ్గా ఎగువన ఉన్న చెలక ఆమెది. మొగుడు పోయాక పట్టా ఆమె పేరు మీదికే వచ్చింది. రెండు కళ్ళకూ చూపు పోయి చాలా ఏళ్ళయింది. చూపు తగ్గినకొద్దీ నోరు పెరిగిందని ఊళ్ళో అనుకుంటారు, ఆమెకు వినబడనంత దూరంలో.

“రాంచంద్రా, నాకు పట్టా ఉన్నదా?”

“ఉన్నదవ్వా. నువ్వు కూసో.”

“నాకు కండ్లు ఉన్నయా?”

రాంచంద్ర మీసం మీంచి చేయి తీశాడు.

“సారు సూపెట్టేది సూడాలంటె కండ్లు గావాలె గద. అందుకే ఎంట తెచ్చుకున్న.” ఇంద్రమ్మ గోడ దిక్కుగా చేయి చాచి గాలిలో తడిమి, రసూల్ బీ మణికట్టు దొరకబుచ్చుకుంది. “గివే నా కండ్లు. గివి చాప మీద కూసోవాల్నా, గోడకు ఏలాడాల్నా? నువ్వే చెప్పు.”

చాప మీది మగవాళ్ళంతా ఘొల్లుమన్నారు. సామ్యేలు సారు కూడా నవ్వు ఆపుకోలేక చెవి మీది పెన్సిలు తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. “కూసోండమ్మా, ఇద్దరు కూసోండి,” అన్నాడు. నల్లకోడి లేచిపోయింది.

సారు చేతిలో పెద్ద సరంజామా ఏమీ లేదు. సమానమైన రెండు పొడుగు కర్రలు పై కొసల్లో కట్టి, కాళ్ళు చాపి నిలబెట్టాడు. నడుమకు ఒక అడ్డకర్ర బిగించాడు. పై ముడి నుంచి ఒక దారం, దారానికి ఒక రాయి. రాయి బరువుకు దారం నిటారుగా వేలాడి అడ్డకర్రను తాకుతోంది.

“ఏంది సూపెడుతున్నడే?” ఇంద్రమ్మ మోచేత్తో పొడిచింది.

“మూడు కట్టెలవ్వా. నిచ్చెన లెక్క... కాదు, నిలబడ్డ మనిషి కాళ్ళ లెక్క. నడుమకు మొలతాడు కట్టినట్టు ఒక అడ్డకట్టె.”

“దారం యాడున్నది?”

“నడుమల. అడ్డకట్టె మీద బొగ్గుతోని గీత పెట్టిండు. దారం ఆ గీత మీదికొస్తె రెండు కాళ్ళు ఒక్క మట్టంల ఉన్నట్టు. రాకపోతె ఒక కాలు ఎగువకున్నదన్నట్టు.”

“మరి రాకపోతె ఏం జెయ్యాలె?”

“రెండో కాలు ఎగువకో దిగువకో జరపాలె, దారం గీత మీదికొచ్చే దాక. వచ్చినకాడ గుర్తుకు గూటం కొట్టాలె. మల్ల అక్కడి నుంచి ఇంకో అడుగు.”

అవ్వ ఊరుకునే రకం కాదు. కర్ర ఎంత పొడుగు, రాయి ఎంత బరువు, గాలొస్తే దారం ఊగదా, అన్నీ కావాలి. ప్రతిదీ మాటల్లో పెట్టి చెప్పాల్సి రావడంతో రసూల్ బీ రెప్ప వేయకుండా చూసింది. చాప మీద కూర్చున్న పట్టాదారుల్లో ఇద్దరు ఆవులించారు, ఒకాయన బీడీ ముట్టించుకున్నాడు. ఆమెకు మాత్రం సారు చేతులు తప్ప ఇంకేమీ కనబడటం లేదు.

“మీ పెద్దచెరువు ఎందుకు పూడుతున్నదో తెలుసా?” అని అడిగాడు సామ్యేలు. “మీ చెలకలే పోయి దాంట్ల కూసుంటున్నయి. ఏటేటా జరన్ని జరన్ని. ఇగ ఒక్క మాట మతికి పెట్టుకోన్రి. కట్ట సక్కగ ఉండుడు ముఖ్యం కాదు, మట్టంగ ఉండాలె. పల్లం వచ్చినకాడ ఈ గూటాల గీత ఎగువకు ఒంగుతది. ఒంగనియ్యాలె. సక్కగ చేస్తమంటె నీళ్ళన్ని ఆ పల్లంలకే ఉరికొచ్చి కట్టను తెంపుతయి. ఒక కొసకు రాళ్ళతోని చిన్న మత్తడి పెడితె, ఎక్కువైన నీళ్ళు మెల్లగ దిగిపోతయి.”

ఇద్దరూ ఇంటికి బయలుదేరారు. అవ్వ చేయి రసూల్ బీ భుజం మీద ఉంది.

“అజీము ఏమంటున్నడు?” అంది ఇంద్రమ్మ ఉన్నట్టుండి.

“ఈ తొలకరికి గూడ గెట్టు తెగితె ఇగ చాలన్నడు. చంచల్‌గూడల కిరాయికి ఒక అర్ర సూసిండట. శుక్రవారం వస్తనని కబురు పంపిండు. తెగితె నన్ను ఎంట తీస్కపోతడు.”

“నీకు పోవాలని ఉన్నదా?”

“లేదవ్వా.” “పైమన్నంత పోయి ఆడాడ మొరం తేలింది. అయినా గది నా చెలక.”

*

వాళ్ళ రెండు చెలకలకూ నడుమ ఉన్న గెట్టు ఊళ్ళో పేరున్న గెట్టు. ఈ కొసకొక రాయి, ఆ కొసకొక రాయి. ఏటా మిరుగు కార్తెకు ముందు రెండిళ్ళవాళ్ళూ కలిసి జనపనార తాడు ఒకటి రాయి నుంచి రాయికి పట్టి, మీటితే మోగేదాకా గుంజి, దాని వెంబడి గెట్టు సరిచేస్తారు. ఆ తాడు ఇంద్రమ్మ పెనిమిటి పేనింది. చివరి ముడి రసూల్ బీ మామ వేసింది. గెట్టు సరి చేయడం అయ్యాక రెండిళ్ళవాళ్ళూ ఒకే బెల్లంగడ్డ పగలగొట్టుకుని తినేవాళ్ళు. ఊరంతా గెట్టు పంచాయతీలతో కొట్టుకున్నా వీళ్ళ నడుమ జానెడు జాగ కోసం ఒక్క మాట రాలేదు. ఈ గెట్టంత సక్కనోళ్ళు అని చెప్పుకునేవారు.

అంత చక్కని గెట్టూ ఏటా తొలకరికి తెగుతుంది. సరిగ్గా నడుమ, పల్లంలో. తెగి ఎగువ నీళ్ళన్నీ రసూల్ బీ చెలక మీద పడి గాడి కోస్తాయి. అది వాన తప్పేగాని గెట్టు తప్పు అనుకోవాలని ఇన్నేళ్ళూ ఎవరికీ తోచలేదు.

ఈ యేడు తాడు ఇంద్రమ్మ ఇంటి దూలం మీదనే ఉండిపోయింది. మర్నాడు పొద్దున్నే రసూల్ బీ మేకలకు ఆకు దించే కొంకి కర్రలు రెండు తెచ్చి, కొంకులు విప్పి, పొడుగు సరిచూసి, అడ్డకర్ర వేసి కట్టింది. బొంత కుట్టే దారానికి గుండ్రటి రాయి చుట్టింది. దారం ఊగి ఊగి నిలబడేదాకా ఊపిరి బిగబట్టి చూసింది. కాళ్ళు మార్చి పెట్టి మళ్ళీ చూసింది. రెండు మార్లూ దారం ఎక్కడ నిలిచిందో ఆ రెంటికీ నడుమ బొగ్గు గీత పెట్టింది. సారు చెప్పింది చెప్పినట్టు చేసింది.

గూటాలు కొట్టడానికి ఇంద్రమ్మ కొడుకు సంజీవ సుత్తి పట్టుకుని వచ్చాడు. ఊరి వరసకు ఆమెకు మరిది. నవ్వకుండా నాలుగు మాటలు మాట్లాడటం అతనికి చేతకాదు.

ఈ కొస రాయి దగ్గర మొదలుపెట్టారు. ఒక కాలు నేల మీద ఆనించి రెండో కాలు తిప్పడం, దారం నిలవడం, గూటం కొట్టడం. గూటాలు ఒకదాని వెనుక ఒకటి గెట్టు వెంబడే నడిచాయి. పల్లం దగ్గరికి వచ్చేసరికి దారం ఒప్పుకోలేదు. రసూల్ బీ కాలు కొంచెం ఎగువకు జరిపింది. ఇంకొంచెం జరిపింది. గూటాలు గెట్టు దాటి ఇంద్రమ్మ చెలకలోకి ఎక్కి, వంగి, మళ్ళీ మెల్లగా ఆ కొస రాయి దగ్గరికి దిగాయి. వెనక్కి తిరిగి చూస్తే నెలవంకంత ముక్క. ఆ ముక్క ఇంద్రమ్మది. ఇప్పుడు కొత్త గీతకు దిగువన, రసూల్ బీ దిక్కు పడింది.

“ఏంది వదినె!” అన్నాడు సంజీవ సుత్తి భుజాన వేసుకుని. “మెల్లగ మెల్లగ మా చెలకలకు వస్తున్నవ్. గిట్లనే పోతె రేపు గీ మూడు కట్టెలు పట్టుకొని మా పొయ్యి కాడికి వస్తవ్ గావచ్చు.”

రసూల్ బీ కూడా నవ్వింది. “మీ ఇంట్ల కూర బాగుంటె వస్త, ఏమంటవ్?” అని జవాబు కూడా ఇచ్చింది. వదినా మరదుల నడుమ అదొక మాటేనా? ఏనాడూ లేదు. సంజీవ ఆ మాట అక్కడే మరిచిపోయి అన్నం తినడానికి ఇంటికి పోయాడు.

ఆమె మరిచిపోలేదు. ఎండలో ఆ గూటాల ముందు కూర్చుంది. చూపులేని అవ్వ. మొగుడు ఊళ్ళో లేని తురకామె. నడుమ జరిగిన గెట్టు. రేపు నీళ్ళ కాడ ఆడవాళ్ళు ఏమనుకుంటారు? సంజీవ నవ్వుతూ అన్నది రాంచంద్ర పటేలు నవ్వకుండా అంటే? మామ వేసిన ముడి తలుచుకుంది. ఇన్నేళ్ళు కాపాడుకున్న పేరు తన చేతి మీదుగా వంకరపోతుందా అనుకుంది.

లేచి, పల్లం దగ్గరి గూటాలన్నీ ఒక్కొక్కటే పీకింది. పాత గెట్టు మీద, ఒక్క వరసలో, మళ్ళీ పాతింది.

సంజీవ వచ్చేసరికి గీత తాడు పట్టినట్టు ఉంది. అతను ఎద్దులు తోలుకొచ్చే హడావిడిలో అది గమనించనే లేదు.

కట్ట లేవడానికి రెండు రోజులు పట్టింది. ఎగువ పక్క నాగలితో దున్ని వదులు చేసిన మన్నును తట్టలకెత్తి పోయడం, కాళ్ళతో తొక్కడం, చెక్కపీటతో చరిచి గట్టి చేయడం. పాత గెట్టు మోకాలెత్తు కూడా ఉండేది కాదు, ఈ కట్ట దానికి రెట్టింపు లేచింది. తల మీద చుట్టకుదురు చెమటకు తడిసి రసూల్ బీ నుదుటి మీదికి జారుతోంది. తుమ్మచెట్టు నీడలో కూర్చున్న ఇంద్రమ్మ ఉండబట్టలేక అరిచింది.

“పల్లం కాడ ఒంపు మంచిగొచ్చిందా బిడ్డా?”

రసూల్ బీ తట్ట కుమ్మరించి ఒక్క క్షణం అలాగే వంగి ఉండిపోయింది.

“వచ్చిందవ్వా.”

సాయంత్రం కట్ట మీద నడుస్తానని పట్టుబట్టింది అవ్వ. చెప్పులు విడిచి, కర్ర పక్కన పడేసి, రసూల్ బీ భుజం పట్టుకుని ఈ కొస నుంచి ఆ కొసకు నడిచింది. ఒక్క మాట అనలేదు. అన్నిటికీ నోరు చేసుకునే మనిషి ఏమీ అనకపోతే ఎంత భయమో! రాయి తగిలాక దాన్ని చేత్తో తడిమి, “నడువు, ఇంటికి పోదాం,” అంది.

*

మంగళవారం మధ్యాహ్నం వాన పడింది. పడటమంటే మామూలుగా కాదు. యాచారం దిక్కు నుంచి ఆకాశం నల్లగా ఊడిపడ్డట్టు వచ్చింది. రసూల్ బీ గోనెసంచి తల మీద వేసుకుని చెలకకు ఉరికింది. కొత్త కట్ట వెంబడి ఎర్రనీళ్ళు చేరుతున్నాయి. చూస్తుండగానే ఈ దిక్కు నీళ్ళూ ఆ దిక్కు నీళ్ళూ పల్లానికి దిగాయి. పల్లంలో నీళ్ళు కట్ట తల దాకా లేచాయి. ఆమె చేతులతో మన్ను గోకి వేసింది, వేసింది వేసినట్టు జారిపోయింది. ఆమె కాళ్ళ పక్కనే కట్ట ఒక ముద్దలా కదిలి, భళ్ళుమని తెగింది.

పాత గెట్టు తెగితే పిక్కలోతు నీళ్ళు పడేవి. ఈ కట్ట ఎక్కువ ఆపింది కనుక ఎక్కువే పడ్డాయి. ఆమె చెలక నడుమ నుంచి మనిషి పడుకునేంత గాడి కోసుకుంటూ పోయాయి. చేతులు బురదతో అలాగే చాపుకుని ఆమె వానలో నిలబడి గట్టిగా ఏడ్చింది. వినేవాళ్ళెవరూ లేరు కదా అని ఏడ్చింది.

మర్నాడు ఇంట్లో మూటలు కట్టడం మొదలుపెట్టింది. బొంతలు, రెండు సత్తు గిన్నెలు, అజీముద్దీన్ పాత షేర్వానీ. ఉట్టి మీది కుండలో విత్తనానికి దాచిన జొన్నలున్నాయి, వేపాకు కలిపి, బూడిద పట్టించి. వాటిని చేటలో పోసి చెరిగి, కడిగి ఆరబోసింది. షహర్‌లో విత్తనం ఎందుకు? పిండి అయితే రొట్టెలకైనా పనికొస్తుంది. ఇసుర్రాయి ముందు కూర్చుని గుప్పెడు జొన్నలు తీసింది. గింజలు వేళ్ళ సందుల్లో నుంచి జారి మళ్ళీ చేటలో పడ్డాయి. మళ్ళీ తీసింది. అప్పుడే గుమ్మంలో సంజీవ కేక వినబడింది.

“వదినె, సారు మహేశ్వరం నుంచి మల్ల వచ్చిండు. పటేలు అందరిని కట్ట కాడికి పిలుస్తున్నడు.”

జొన్నలు మూట కట్టి ఇసుర్రాయి పక్కన పెట్టి పోయింది.

ఆనాడు చావడి ముందు చాప మీద కూర్చున్నవాళ్ళందరూ తెగిన కట్ట దగ్గర నిలబడి ఉన్నారు. రాంచంద్ర చేతులు వెనక్కి కట్టుకుని గట్టిగానే మాట్లాడుతున్నాడు. “సారూ, నీ మూడు కట్టెల సదువు గింతే. పెద్దమనుషులు వేసిన గెట్టు తెగితె జరంత తెగేది. నీ కట్ట చెలకనే తీస్కపోయింది. మాకొద్దు, మేమెవ్వరం వెయ్యం.”

సామ్యేలు సారు గాడిలోకి దిగి, తెగిన చోటును చూస్తూ కూర్చున్నాడు. బూట్ల నిండా బురద. వాదించలేదు. “నేను చెప్పుట్ల ఏడనో పొరపాటు చేసిన,” అన్నాడు మెల్లగా. “ఒక్క పూటల చెప్పి పోవుడు తప్పు. నాది తప్పు.”

ఆ మాట రసూల్ బీ భరించలేకపోయింది. తన చెలక పోయింది, పోనీ. ఒక మంచి మనిషి తను చేయని తప్పు మీద వేసుకుని బురదలో కూర్చున్నాడు. ఈ ఊళ్ళో ఇక ఎవరూ ఈ విద్య ముట్టరు. ఇంకెన్ని చెలకలు చెరువులోకి పోతాయో.

“సారూ, నీ తప్పు లేదు,” అంది. అందరూ తిరిగి చూశారు. “నీ కట్టెలు మంచిగనే చెప్పినయి. పల్లం కాడ గీత ఎగువకు పోయింది. నేనే గూటాలు పీకి సక్కగ పెట్టిన.”

“ఎందుకమ్మా?”

“గీత అవ్వ చెలకలకు పోయింది. కండ్లు కనవడని మనిషి జాగ గుంజుకున్నరంటరని భయపడ్డ. కట్ట వంకరైతె మేం వంకరోళ్ళమంటరని...”

సంజీవ జనాన్ని తోసుకుని ముందుకు వచ్చాడు. “నేను నవ్వులాటకన్న వదినె! అయ్యో, నవ్వులాటకే అన్న!”

“నవ్వులాటకే అన్నవ్. నాకు తెలుసు సంజీవా. తెలిసి గూడ మనసు ఒప్పలె.”

జనంలో ఎవరో దగ్గారు. కర్ర చప్పుడు చేసుకుంటూ ఇంద్రమ్మ ముందుకు వచ్చింది. రసూల్ బీ తల దించుకుంది, ఏం తిడుతుందోనని.

“అబద్ధం చెప్పినవ్,” అంది అవ్వ. “ఒంపు వచ్చిందవ్వా అన్నవ్. ఆ పొద్దు కట్ట మీద నడిస్తె నా కాళ్ళకు తెలిసింది, యాడ ఒంగలేదని.”

“మరి అడగకపోతివి అవ్వా?”

ఇంద్రమ్మ కర్ర నేలకు ఆనించింది. చూపులేని కళ్ళు తడిశాయి. “ఎట్ల అడుగుతనే? నాకు సంబురమైంది. మా ఆయన గుంజిన గీత అట్లనే ఉన్నది గద అని లోపల సంబురపడ్డ. సారు చెప్పింది మతికుండంగనే సంబురపడ్డ. నువ్వొక్కదానివే చేసినవా ఈ తప్పు? నేను గూడ చేసిన.” చేయి చాచి రసూల్ బీ చెంప దొరకబుచ్చుకుని బురద తుడిచింది. “నా జాగ నాకు ఇడిసిపెట్టి నీ మన్నంత చెరువుకు పంపినవ్. పిచ్చిదానా, ఒంపుల పడ్డ గంత ముక్క నాకు ఎక్కువనా? నువ్వు ఎల్లిపోతె ఎగువ నుంచి నేనెవ్వరిని పిలవాలె?”

రసూల్ బీ ఆమె భుజం మీద తల పెట్టుకుని ఏడ్చింది. నిన్న వానలో ఏడ్చిన ఏడుపు కాదు ఇది.

“సంజీవా,” అంది అవ్వ. “ఇంటికి పోయి దూలం మీది తాడు పట్కరా.”

*

శుక్రవారం మధ్యాహ్నం షహర్ బస్సు దిగిన అజీముద్దీన్‌కు ఇంట్లో మూటలు కనబడ్డాయి గాని పెళ్ళాం కనబడలేదు. తెల్ల పైజామా మడమల పైకి మడిచి చెలకకు నడిచాడు. మబ్బు పట్టి ఉంది.

అక్కడ చూసింది అతనికి వెంటనే అర్థం కాలేదు. చెలకలో సగం ఊరుంది. పల్లం దగ్గర మాలీ పటేలు రాంచంద్ర కొంకి కర్ర కాలొకటి పట్టుకుని వంగి ఉన్నాడు. రసూల్ బీ దారం వైపు చూస్తూ, “ఇంకింత ఎగువకు పటేలా. ఊపకు. పట్టా ఉన్న చెయ్యి జర నిలకడగ ఉండాలె,” అంటోంది. రాంచంద్ర కర్ర కాలు జరుపుతున్నాడు. ఆయన చెలకలోనూ ఇలాంటి పల్లమొకటి ఉంది, రేపు ఈ కర్రలు అక్కడికి పోవాలి మరి. సామ్యేలు సారు ఆ కొసన మత్తడికి రాళ్ళు పేరుస్తున్నాడు. మహకమాకు ఏమని జవాబు చెప్పుకుంటాడో గాని, రెండు రోజులుగా ఊరు విడిచి పోలేదు.

పల్లం తప్ప మిగతా అంతటా కొత్త కట్ట లేచి ఉంది. అందినంత మేర గూటాల పక్కన తాడు నేల మీద పరిచి ఉంది. రెండిళ్ళ తాడు. చిన్నప్పటి నుంచి ఏటా తను ఒక కొస పట్టి గుంజిన తాడు. పల్లం దగ్గర అది సోలిపోయినట్టు ఎగువకు వంగి పడి ఉంది. ఇదేం వంకర? అజీముద్దీన్ చేతులు ఊరుకోలేదు. రాయి దగ్గర కొస అందుకుని, అలవాటు చొప్పున బలంగా గుంజబోయాడు.

“గుంజకు!”

రసూల్ బీ కేక వేసి అక్కడి నుంచి ఉరికి వచ్చింది. అతని చేతి మీద చేయి వేసింది. ఆమె అరచేతులు బొబ్బలెక్కి ఉన్నాయి.

“గుంజకు. ఒదులుగ ఉండనీ. గట్లనే ఉండాలె.”

“మరి... గీ జాగ వాళ్ళది గద?”

“మాదే,” అంది తుమ్మచెట్టు కింద నుంచి ఇంద్రమ్మ. “వచ్చినవా అజీమూ? జాగ మాది, అండ్ల పంట మీరు కోసుకోన్రి. మిగతా మాటలు తర్వాత మాట్లాడుదం. ముందు తట్ట అందుకో, మబ్బు దిగుతున్నది.”

బస్సు సంగతి చెబుదామనుకున్నాడు. గదికి ఇచ్చిన మాట చెబుదామనుకున్నాడు. రసూల్ బీ చుట్టకుదురు తీసి అతని తల మీద పెట్టింది. అతను తట్ట ఎత్తుకుని మన్ను మోశాడు.

చివరి తట్టలు పడుతుండగానే చినుకులు మొదలయ్యాయి. వాన జోరందుకుంది. ఎవరూ ఇళ్ళకు పోలేదు. గోనెసంచులు కప్పుకుని తుమ్మచెట్టు కింద ఇరుక్కుని నిలబడ్డారు. ఇంద్రమ్మ నడుమ కూర్చుని చెవులు రిక్కించింది. ఆమెకు ఇన్నేళ్ళుగా తొలకరి అంటే ఒక్కటే, పల్లంలో భళ్ళుమనే చప్పుడు. ఇంట్లో కూర్చున్నా అది వినబడేది, వినబడగానే “తెగింది” అనేది.

నీళ్ళు వచ్చాయి. కట్టకు ఎగువన ఎర్రగా చేరాయి. ఒక్క చోటికి ఉరకకుండా వంపు వెంబడి పొడుగునా పరుచుకున్నాయి. పరుచుకుని నిలబడ్డాయి. వాటిని చూస్తూ మనుషులూ అలాగే నిలబడ్డారు.

“సప్పుడు ఇనొస్తలేదేందే?” అంది అవ్వ గాబరాగా. “నీళ్ళేడికి పోయినయి?”

“యాడికి పోలేదవ్వా,” అంది రసూల్ బీ. “ఆగినయి.”

అవ్వ ఆమె చేయి పట్టుకుని వానలోనే లేచింది. కట్ట దాకా నడిచి, అంచున కూర్చుని, రెండు కాళ్ళూ నీళ్ళలో పెట్టింది. చిన్నపిల్లలా వేళ్ళు కదిలించి నవ్వింది. ఆ కొసన మత్తడి రాళ్ళ మీది నుంచి సన్నటి ధార దిగుతోంది, దాంట్లో ఎరుపు తక్కువగా ఉంది.

అజీముద్దీన్ భార్య పక్కకు వచ్చి నిలబడ్డాడు. గోనెసంచి అంచు ఆమె తల మీదికి జరిపాడు. చాలాసేపు నీళ్ళనే చూశాడు.

“ఇంట్ల ఇసుర్రాయి పక్కన మూట సూసిన. విత్తనపు జొన్నలేనా?”

“అవ్.”

“ఇసిరినవా?”

రసూల్ బీ తల అడ్డంగా ఊపింది.

“ఇసురలె,” అంది.